వెండిపూత బోర్డు

సాలమోను మాస్టారి గొంతు పై నెల చివరి సోమవారం దాకానే. ఆ రోజున కాకినాడలో ఆపరేషన్. ప్రాణానికి భయం లేదుగానీ మాట మాత్రం పోతుందని డాక్టర్లు ముందే చెప్పేశారు. అల్లవరం చర్చిలో మూడు తరాలకు పాటలు నేర్పిన మనిషాయన. సంగతి తెలియగానే యామిని పరుగెత్తుకొచ్చి, "మీ పాటలన్నీ నేను రికార్డు చేస్తానండీ మాస్టారూ" అంది.

"ఆయ్" అన్నారాయన.

అవుననడానికైనా సరేననడానికైనా ఆయనకు ఆ ఒక్క మాటే. "పెళ్ళయిన కాణ్ణించీ ఏం చెప్పినా ఆయ్ అంటారండీ. చేసేది మాత్రం ఏమీ ఉండదు" అని ఆయన భార్య పాపాయమ్మ గారు పదిమందిలో దెప్పుతారు. దానికీ ఆయన ఆయ్ అనే అంటారు.

యామినికి అమలాపురంలో ఆడియో పరికరాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపు ఉంది. చదువుకునే రోజుల్లో చర్చి యాంప్లిఫయర్ విప్పి చూస్తానంటే, "పాడైతే నువ్వే బాగుచేద్దువుగాని" అంటూ స్క్రూడ్రైవర్ చేతికిచ్చింది మాస్టారే. ఆ నమ్మకమే తనకు అన్నం పెడుతోందని ఆమె ఇప్పటికీ చెబుతుంది. అలాంటి మనిషి పనిలో తక్కువ చేస్తుందా?

మైకులోంచి వచ్చే శబ్దం చాలా సన్నం. దాన్ని పెంచే సర్క్యూట్ ఎలాంటి బోర్డు మీద కూర్చుందో చూసుకోకపోతే పాటతోపాటు వెనకాల పాములాంటి బుసా పెరుగుతుంది. ఏ బోర్డు మంచిదన్న దాని మీద ఇంటర్నెట్లో పండితులు జుట్లు పట్టుకుంటున్నారు. యామిని నమ్మిన పండితులు మాత్రం టెఫ్లాన్ బోర్డు, దాని రాగి గీతల మీద వెండిపూత, దాన్ని మించింది లేదన్నారు. అంతకుముందే నమూనాకని తెప్పించిన గ్లాస్ ఎపాక్సీ బోర్డు ఒకటుంది. దాని గీతల మీద పల్చటి బంగారుపూత కూడా ఉంది. అయినా "ఇది అందరూ వాడేదేగా" అని దాన్ని అటకెక్కించి, వెండిపూతది తెప్పించింది. సోల్డరింగ్ అంతా అయ్యాక వింటే బుస అన్నదే లేదు. మురిసిపోయింది.

వర్క్‌షాపు ఉన్నది ఒక కొబ్బరి గొడౌను మేడ మీద. కింద ఎండుకొబ్బరి తెల్లగా ఉండాలని అప్పుడప్పుడూ గంధకం పొగ పెడతారు. ఆ రోజుల్లో యామిని తలుపేసుకుని ఇంటికెళ్ళిపోయేది. పొగ నుంచి తను తప్పించుకుంది. బోర్డు తప్పించుకోలేదు.

రికార్డింగుకు ముందురోజు మైకు తగిలిస్తే ఒకటే బుస, మధ్యమధ్య చిటపటలు. మూత తీసి చూస్తే వెండి గీతలు మసిబారి ఉన్నాయి. ఆ నలుపు గీతకీ గీతకీ మధ్య కూడా పాకింది. కొత్తది తెప్పించే వ్యవధి లేదు. యామిని బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

గొడౌనులో కొబ్బరి ఏరే వెంకటలక్ష్మి ఆ ఏడుపు విని పైకొచ్చింది. బోర్డు చూసి, "ఇది వెండాండీ?" అంది.

"ఆయ్."

"అయ్యో, గంధకం పెట్టేరంటే మేం కాళ్ళ పట్టీలు ఇంట్లో తీసిపెట్టి వస్తామండీ. లేపోతే ఇలాగే నల్లబడిపోతాయి. మీకు చెప్పాలని నాకు తోచనే లేదు."

యామినికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గంధకం వెండిని నలుపు చేస్తుందని తను స్కూల్లోనే చదువుకుంది. మెట్ల దగ్గర ఆ బోసి కాళ్ళూ చూస్తూనే ఉంది. ఆ రెండూ కలిపి ఆలోచించలేదంతే. ఇంతలో ఆమె చూపు వెంకటలక్ష్మి ముక్కుపుడక మీద పడింది.

"ఇది తియ్యరా?"

"బంగారానికేం అవుద్దండీ?"

యామిని కుర్చీ లాక్కుని అటక మీదికి చెయ్యి చాపింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. అందరూ వాడే ఆ బోర్డు మీద ఒక్క మరకైనా లేదు.

"ఇక్కడ మళ్ళీ పొగ పెడతారండీ, మా ఇంటికి రండి" అని వెంకటలక్ష్మి పనిముట్ల సంచీ అందుకుంది. ఆమె ఇంటి అరుగు మీద నల్లబడ్డ బోర్డులోని భాగాలు ఒక్కొక్కటీ ఊడదీసి, బంగారుపూత బోర్డుకు సోల్డర్ చేసింది యామిని. తరవాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చెవులు రిక్కించింది. బుస లేదు. వెంకటలక్ష్మిని గట్టిగా కావలించుకుంది.

మర్నాడు చర్చిలో మాస్టారు తనకిష్టమైన పాటలన్నీ పాడారు. గొంతు బొంగురుపోయినా శ్రుతి తప్పలేదు. చివరి పాటకు కళ్ళు మసకలు కమ్మి, యామిని రికార్డింగు ఆపడమే మరిచిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయన కోలుకుని ఇంటికొచ్చాక యామిని స్పీకర్లు తీసుకెళ్ళి పాటలన్నీ వినిపించింది. మాస్టారు చేత్తో తాళం వేస్తూ విన్నారు. చివరి పాట అయిపోయింది. ఆపబోతుంటే స్పీకర్లో పాపాయమ్మ గారి మాట వినబడింది. "మంచినీళ్ళు ఇమ్మంటారా?"

తరవాత, మైకుకు దూరంగా, మొహం అటు తిప్పుకుని మాస్టారు మెల్లగా అన్న మాట: "ఆయ్."

పాపాయమ్మ గారు చప్పున యామిని చెయ్యి పట్టుకున్నారు. "పాటలు మళ్ళీ విందాంలే అమ్మా. ఆ ఒక్క ముక్కా ఇంకోసారి పెట్టవా?"

కాస్త బుస ఉన్నా ఆ ముక్క అందులో మునిగిపోయేది. యామిని మనసులోనే వెంకటలక్ష్మికి దణ్ణం పెట్టుకుని, ఇంకోసారి పెట్టింది.