హెన్రీ వెంట వచ్చిన బెంచీ

రోజూ పొద్దున ఆరింటికి హెన్రీ గోడౌను తలుపు తీసి నేలంతా ఊడ్చేవాడు. ఊడ్చి తలెత్తేసరికి బెంచీ గడప దగ్గరుండేది. ఇంటి నుంచి అతని వెనకే నడిచొచ్చి, తలుపులో పట్టక కాస్త అడ్డంగా తిరిగి, లోపలికొచ్చి గోడవారన నిలబడేది.

మాల్దీవుల్లో మూడేళ్ళు ఫుట్‌బాల్ ఆడి హెన్రీ మైపాడు తిరిగొచ్చిన నెలకి ఆ బెంచీ సముద్రంలోంచి వచ్చింది. నీలం రంగుది, ఇనప కాళ్ళు, నలుగురు కూర్చునేంత పొడుగు. ఒడ్డున అలివి వల తాడు లాగుతున్నవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. అది నేరుగా హెన్రీ ఇంటికే పోయింది కాబట్టి ఎవరిదని ఎవరూ అడగలేదు. హెన్రీ అక్క లిల్లీ దాని కాళ్ళకంటిన ఇసుక కడిగి లోపలికి రానిచ్చింది. ఎండ బాగా కాసిన రోజు దాని మీద నెత్తళ్ళ చేపలు ఆరబోసేది. ఆదివారం చర్చిలో జనం ఎక్కువైతే అది వెనక వరసలో నిలబడేది, ముసలోళ్ళు కూర్చునేవాళ్ళు.

హెన్రీ మాత్రం దాని మీద కూర్చునేవాడు కాదు. దాన్ని చూస్తే అతనికి తలెత్తబుద్ధయ్యేది కాదు. ఊళ్ళో అనుకున్నట్టు అతను అక్కడ ఆడింది లేదు. మూడేళ్ళూ గీత బయట కూర్చున్నది ఆ బెంచీ మీదే.

రొయ్యల మేత గోడౌను ఖాళీ అయినాక, ఊరి పెద్దలు అందులో గీతలు గీయించి, రెండు పక్కలా చిన్న గోలు వలలు కట్టించి, బయటి దేశంలో ఆడొచ్చినోడివి, మన ఆడపిల్లలకి నేర్పించమన్నారు. హెన్రీ కాదనలేకపోయాడు. తలుపు పక్కన అతని బొమ్మతో ఫ్లెక్సీ కూడా కట్టారు. లోపలికి పోయేటప్పుడు అతను అటు చూసేవాడు కాదు.

గోడౌను ఆటకి ఒక్కో జట్టులో ఐదుగురు. హెన్రీ సరిగ్గా ఐదుగురినే చేర్చుకున్నాడు. ఆరో పిల్ల వస్తే చాలమ్మా అని పంపించేసేవాడు. తను కూర్చున్నట్టు ఇంకో బిడ్డ కూర్చోకూడదని అతని ఉద్దేశం. ఆ మాట నోరు తెరిచి చెప్పుంటే సరిపోయేది. చెప్తే మిగతాదీ చెప్పాలి.

అట్లా పంపించేసిన వాళ్ళలో గంగాభవాని ఒకతి. పదిహేనేళ్ళ పిల్ల, తాడు లాగి లాగి కాళ్ళు గట్టిపడి ఉండేవి. రోజూ వచ్చి కిటికీ బయట నిలబడి చూసేది. నాలుగోసారి కూడా పంపించేసినప్పుడు వాళ్ళమ్మ సుభాషిణి చేపల గంపతోనే వచ్చి గడపలో నిలబడింది.

"ఏమబ్బయ్యా, దేశాలు తిరిగొచ్చినాక మా వాసన గిట్టలేదా? మీ అక్క ఆరబోసే నెత్తళ్ళు మేం పట్టినవే."

"అది కాదక్కా. ఆడేది ఐదుగురే. ఆరో పిల్ల ఊరికే కూర్చోవాల."

"కూర్చుంటే ఏం? తాడు కాడ అలిసినోడు కూర్చుంటాడు, కూర్చున్నోడు లేచి పట్టుకుంటాడు. కూర్చున్నాడని చేపలు పంచకుండా పంపిస్తామా?"

నిజమేనని హెన్రీ తలూపాడు. అయినా పిల్లని చేర్చుకోలేదు.

శనివారం నెల్లూరులో పోటీలు. బెంచీ బస్సు వెనక పరిగెత్తుకుంటూ వస్తుంటే కండక్టరు బస్సాపి ఎక్కించుకున్నాడు. అదే బస్సులో వెనక సీట్లో గంగాభవాని, పక్కన వాళ్ళమ్మ. హెన్రీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆట సగంలో జట్టులోని బిందుకి చీలమండ బెణికింది. నలుగురే మిగిలారు. మార్చేవాళ్ళున్నారా, ఉంటే పేరు రాయించండి అని రిఫరీ అడిగాడు. హెన్రీ వెనక్కి తిరిగి చూశాడు. గంగాభవాని బెంచీ చివర అంచున కూర్చుని ఉంది. షూ లేసులు పాదం చుట్టూ రెండు చుట్లు తిప్పి బిగించి కట్టుకుని ఉంది.

ఆ లేసులు చూసి అతను పోయి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. సుభాషిణి వింటూనే ఉంది. జట్టు పిల్లలూ వింటున్నారు.

"భవానీ, నేను అక్కడ ఆడలేదు. మూడేళ్ళు దీని మీదే కూర్చున్నా. ఒకే ఒక్కసారి పిలిచినారు, ఫైనల్లో. కాలు నొప్పి అని చెప్పినా. నొప్పి లేదు. లేసులు కూడా కట్టుకోలేదు. భయమేసింది."

గంగాభవాని అతని మొహం చూసింది.

"ఇప్పుడు నన్ను పిలస్తా ఉండావా అన్నా?"

"ఊఁ."

బెంచీ వెనక కాళ్ళు మెల్లగా పైకి లేచాయి. చంటిబిడ్డని ఒళ్ళోంచి దించినట్టు ఆ పిల్లని గీత దగ్గర నిలబెట్టి, మళ్ళీ కిందికి దిగాయి. దానికట్లా లేవడం చేతనవునని హెన్రీకి ఆ మూడేళ్ళలో తెలీదు. అతను ఎప్పుడూ నడిమధ్యన, రెండు చేతుల్తో పలక పట్టుకొని కూర్చునేవాడు.

పోయి పేరు రాయించాడు. ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు. ఆ ఒక్క ఆటలో మాత్రం, మిగతా నలుగురూ నెట్టుకొస్తుంటే, గంగాభవాని అలిసి మూడుసార్లు వచ్చి కూర్చుంది, మూడుసార్లు లేచి పోయింది. బిందు కూడా కట్టు కట్టించుకొని కడపట రెండు నిమిషాలు ఆడింది.

ఊరికొచ్చి హెన్రీ ఫ్లెక్సీ తనే విప్పేశాడు. లిల్లీకి అంతా చెప్పాడు. ఆమె విని, ఫ్లెక్సీ తీసుకుపోయి దాని మీద నెత్తళ్ళు పోసింది.

సోమవారం గోడౌనుకి తొమ్మిదిమంది వచ్చారు. రెండు జట్లు చేస్తే ఒకరు తక్కువ.

"అన్నా, నువ్వు రా" అనింది గంగాభవాని.

హెన్రీ బూట్లు తెచ్చుకున్నాడు. బెంచీ చివర, అంచున కూర్చొని లేసులు కట్టుకున్నాడు. మొదటి ముడి జారిపోతే మళ్ళీ కట్టాడు. పిల్లలు బంతి పెట్టుకొని చూస్తున్నారు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత అతని కింద బెంచీ వెనక కాళ్ళు లేచాయి.