చలికి తేలిన గీతలు

ఆర్డెత్ నైక్విస్ట్ తన శవపేటిక మీద కప్పాల్సిన బొంతను తానే కుట్టుకుంది. ఆమెకు ఎనభై తొమ్మిదేళ్లు. ఒంట్లో జబ్బు లేదు, పోవాలన్న తొందర అంతకన్నా లేదు. కాని ఎవరో కుట్టిన వంకరటింకర బొంత కింద పడుకుని ఊరందరి కళ్లలో పడటం ఆమెకు ససేమిరా ఇష్టం లేదు. మీగడ రంగు గుడ్డ మీద ఎర్ర నక్షత్రాలు, ఒక్కో ముక్కా చేత్తో కలిపింది. నాలుగేళ్లు పట్టింది. తీరా పై పొర పూర్తయ్యేసరికి వేళ్లు మొరాయించాయి. పై పొరనూ, మధ్యలో దూదినీ, అడుగు గుడ్డనూ కలిపి సన్నటి కుట్లు వేసే పని ఇక తన వల్ల కాదని డాక్టరు చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

అలా ఆ పై పొర డార్లిస్ కుచేరా చేతికి వచ్చింది.

డార్లిస్ ఆ చుట్టుపక్కల నాలుగు కౌంటీల ఆడవాళ్ల బొంతలకు కుట్లు వేసే మనిషి. ఎవరి దగ్గరా జీతానికి లేదు. కారు ఉండాల్సిన షెడ్డులో పన్నెండడుగుల మిషను పెట్టుకుని, మొగుడి పికప్పు ట్రక్కును ఏడాది పొడుగునా మంచుకూ వడగళ్లకూ అప్పజెప్పేసింది. బొంతల సంఘంలో వాళ్లు ముక్కలు కలిపి తెస్తారు. ఈమె వాటిని చట్రానికి బిగించి, మిషను తలను రెండు చేతులా పట్టుకుని నడిపిస్తూ ఈకలూ లతలూ కుడుతుంది. చూసేవాళ్లకు అదేదో తేలిక పనిలా ఉంటుంది. భుజాలనడిగితే తెలుస్తుంది.

"మనసు చంపుకుని ఇస్తున్నానమ్మాయ్," అంది ఆర్డెత్, మూట బల్ల మీద పెడుతూ. యాభై ఆరేళ్ల డార్లిస్‌ను ఇంకా అమ్మాయ్ అని పిలిచేది లోకంలో ఆమె ఒక్కతే. "నీ యంత్రం దాని పాటికి అది కుట్టుకుపోతుంది, నువ్వు మీట నొక్కి కాఫీ తాగుతావు. నాకు తెలీదా ఏంటి?"

డార్లిస్‌కు ఒళ్లు మండింది. మండినా పైకి "జాగ్రత్తగా చేస్తానండీ" అని మాత్రమే అంది. ఆ కోపంతోనే ఒట్టు పెట్టుకున్నంత పని చేసింది: మిషను వెంట నడిపే అచ్చు నమూనా కాగితాలు ముట్టుకోకుండా, నక్షత్రాల మధ్య ఉన్న ఇరవై ఖాళీ గళ్లలోనూ ఈకలు సొంతంగా గీసి, ఆ గీతల మీదే కుట్టాలని. గీయడానికి కొత్తరకం పెన్ను వాడింది. దానితో గీసిన నీలి గీత ఇస్త్రీపెట్టె తగలగానే మాయమైపోతుంది. గీసింది, నచ్చలేదు, ఇస్త్రీ పెట్టి చెరిపింది, మళ్లీ గీసింది. ఆరు వారాలు అదే పని. కుట్టడం పూర్తయ్యాక మొత్తానికి ఒకసారి ఇస్త్రీ చేసి, అక్టోబరులో తీసుకెళ్లి ఇచ్చింది.

ఆర్డెత్ కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకుని అరగంట చూసింది. "ఊఁ. పరవాలేదు" అని, బొంతను దిండు గలీబులో చుట్టి పడకగది అలమారాలో పెట్టేసింది.

జనవరి రెండో మంగళవారం లూథరన్ చర్చి నేలమాళిగలో సంఘం కూడింది. అందరూ కాఫీలు పోసుకుంటుండగా డార్లిస్ స్నేహితురాలు కొరీన్ ఒక పిల్లల బొంతను చంకలో పెట్టుకుని ఏడుపు మొహంతో వచ్చింది.

"ఒసేయ్ డార్లిస్, ఈ ఘోరం చూడవే!" అని బల్ల మీద పరిచింది. బొంత నిండా నీలి గీతలు. "ఇస్త్రీ చేసి శుభ్రంగా చెరిపాను కదే! కారు డిక్కీలో మర్చిపోయాను. పొద్దున తీసి చూద్దును కదా, చలికి అన్నీ మళ్లీ పైకొచ్చి కూర్చున్నాయి!"

"ఆ పెన్ను బుద్ధే అంత," అందెవరో. "చెరిగిపోదు, దాక్కుంటుంది. గడ్డకట్టే చలి తగిలిందా, బయటపడుతుంది."

"మా ఆయన దాచుకునే డబ్బుకన్నా నయమే, అది ఏ చలికీ బయటపడదు," అంది ఇంకొకామె. అందరూ పగలబడి నవ్వారు. డార్లిస్ కూడా నవ్వబోయింది కాని కాఫీ గొంతులో అడ్డం పడింది.

ఇంటికొచ్చేదాకా ఆమె కళ్ల ముందు ఒకటే దృశ్యం. ఆర్డెత్ పోతుంది. పోయేది కచ్చితంగా జనవరిలోనే, పంతానికి. చర్చిలో వెచ్చగా ఉన్నంతసేపూ బొంత మచ్చ లేకుండా మెరుస్తుంది. తర్వాత గుట్ట మీది శ్మశానంలో, ఈదురుగాలిలో, పాస్టరు ప్రార్థన చదువుతుంటే ఒక్కొక్క గీతే తేలుతుంది. కుట్టిన గీతలే కాదు, నచ్చక చెరిపేసినవి కూడా. ముందు వరసలో సంఘం ఆడవాళ్లంతా. చచ్చిన మనిషి లేచి "నే చెప్పలా" అన్నా అనగలదు.

ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. బొంత ఉన్నది వెచ్చటి ఇంట్లో, అలమారాలో. తను నోరు విప్పకపోతే ఆర్డెత్‌కు బతికుండగా తెలిసే దారే లేదు. ఏ జూలైలోనో పోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. జూలైలో పోతే ఎంత బాగుండు అనుకుంది డార్లిస్. అనుకున్న మరుక్షణం స్టవ్ కట్టేసి కుర్చీలో కూర్చుంది. ఒక ముసలామె ఏ నెలలో పోవాలో తన పరువు కోసం తను నిర్ణయిస్తోంది! సిగ్గుతో చెవులు కాలిపోయాయి. రెండు రోజులు అన్నం సయించలేదు, మిషను ముట్టుకోలేదు.

గురువారం మధ్యాహ్నం వెళ్లి ఆర్డెత్ వంటగదిలో నిలబడి, కోటు కూడా విప్పకుండా అంతా చెప్పేసింది. పెన్ను గురించీ, చలి గురించీ, చివరికి జూలై గురించి కూడా. అది చెప్పనక్కర్లేదు. కాని నోరు తెరిచాక ఆగలేదు.

ఆర్డెత్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"అలమారాలోంచి తే," అంది. "తెచ్చి వరండాలో వెయ్యి."

"ఇప్పుడాండీ? బయట సున్నాకి పది డిగ్రీలు కిందుంది."

"అందుకే ఇప్పుడు. ఇంతకన్నా మంచి ముహూర్తం ఎప్పుడొస్తుంది? వెయ్యి."

వరండా పిట్టగోడ మీద పాత దుప్పటి పరిచి, దాని మీద బొంత వేసింది డార్లిస్. ఇద్దరూ లోపల కూర్చున్నారు. ఆర్డెత్ దాల్చినచెక్క బన్ను ఒకటి ఆమె ముందుకు తోసింది. డార్లిస్ దాన్ని తుంచి తుంచి పళ్లెంలోనే పెట్టింది. ముప్పావు గంట తర్వాత బొంతను లోపలికి తెచ్చి బల్ల మీద పరిచారు.

గీతలన్నీ వచ్చేశాయి. ఎర్ర నక్షత్రాల మధ్య నీలి ఈకలు, ఈక మీద ఈక. డార్లిస్ ప్రాణాలు కడగట్టాయి.

ఆర్డెత్ భూతద్దం తీసింది. నడిమి గడి దగ్గర ఆగిపోయింది.

"ఇదేంటిది?"

"అది మొదట గీసిందండీ. నచ్చలేదు."

"మరిది?"

"అదీ నచ్చలేదు."

"ఇదీ?" భూతద్దం ఒక్కో గీతే లెక్కపెడుతూ కదిలింది. "ఒక్క గడికి ఏడుసార్లు గీశావా?"

"ఎనిమిదండీ. ఒకటి కుట్టు కింద కలిసిపోయింది."

ఆర్డెత్ కుర్చీ లాక్కుని కూర్చుంది. భూతద్దం ఒళ్లో పెట్టుకుంది.

"చిన్నప్పుడు మా అమ్మ నా చేత మూడుసార్లు కుట్లు విప్పించింది," అంది. "నేను ఆవిణ్ణి ఎంత తిట్టుకున్నానో! ఎనిమిదిసార్లు నేనెప్పుడూ విప్పలేదు. ఎవరి కోసమూ విప్పలేదు." బొంత అంచు సవరించి, "మీట నొక్కి కాఫీ తాగావనుకున్నానమ్మాయ్. అక్టోబరు నుంచీ అదే అనుకుంటున్నాను," అంది.

డార్లిస్ గుండె మీంచి బరువు సగం దిగింది. మిగతా సగం బల్ల మీద నీలంగా పరుచుకుని ఉంది.

"ఉతికితే కొందరికి పోయాయటండీ. కాని ఎరుపు..."

ఎరుపే అసలు భయం. కొత్త ఎర్రగుడ్డ నీళ్లలో పడితే రంగు వదిలి మీగడ రంగునంతా పాడు చేస్తుంది. ఒకసారి అంటిన ఎరుపు ఏ సబ్బుకూ లొంగదు. అందుకే బొంతలు కుట్టేవాళ్లు ఎర్రగుడ్డను ముందే ఉతికి పెట్టుకుంటారు.

"చాలామటుకు మా చెల్లెలి పాత గౌన్లు. ఎన్నేళ్లు ఉతికినవో," అంది ఆర్డెత్. "చివర్లో తక్కువైతే గజం కొత్తది కొన్నాను. దాన్ని ఉతికానో లేదో గుర్తు లేదు. నువ్వొక్కదానివే తప్పు చేశావనుకోకు."

"వద్దులెండి. ఇస్త్రీ చేసి ఉంచేద్దాం."

"చేసి, నన్ను జూలైలో పొమ్మంటావా?" అంది ఆర్డెత్. అని నవ్వింది. ఆ నవ్వు డార్లిస్ ఇన్నేళ్లలో వినడం అదే మొదలు. "పద. స్నానాల తొట్టిలో వేడినీళ్లు పట్టు."

డార్లిస్ మోకాళ్ల మీద కూర్చుని బొంతను నీళ్లలో ముంచింది. గిన్నెలు తోమే సబ్బు వేసి మెల్లగా అదిమింది. రెండు నిమిషాలకు నీళ్లు లేత గులాబీ రంగుకు తిరిగాయి.

"అయ్యో! వదులుతోందండీ!"

"ఆగకు! గుడ్డని నీళ్లలో తేలుతూ ఉండనియ్యి, ముద్ద చేస్తే వదిలిన రంగు అంటుకుంటుంది. నీళ్లు మార్చు." ఆర్డెత్ తొట్టి అంచు పట్టుకుని పక్కనే నిలబడింది. "మళ్లీ మార్చు. మళ్లీ."

ఐదోసారికి నీళ్లు తేటగా వచ్చాయి. డార్లిస్ చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. అది రంగు కాదు, వేడినీళ్లు. మీగడ రంగు మాత్రం మీగడ రంగులాగే ఉంది. తడి గుడ్డ మీద గీతల సంగతి తేలదు కనుక, ఖాళీ గదిలో నేల మీద పరిచి ఆరబెట్టి వెళ్లింది.

శనివారం వచ్చి బొంతను మళ్లీ వరండాలో వేసింది. ఈసారి బన్నులు లేవు. ఇద్దరూ కిటికీలోంచి దానికేసే చూస్తూ గంటసేపు కూర్చున్నారు. తెచ్చి బల్ల మీద పరిచాక డార్లిస్‌కు చూసే ధైర్యం చాలలేదు. అంట్ల తొట్టి వైపు తిరిగి నిలబడింది. వెనక ఆర్డెత్ భూతద్దంతో గడి తర్వాత గడి, తీరిగ్గా, తీర్పు చెప్పే జడ్జిలా చూస్తూ పోతోంది.

"లేవు," అంది ఆర్డెత్.

"ఏ గడిలోనూ లేవా?"

"ఒక్క గీతా లేదు. ఇటు తిరిగి చూడు, పిరికిదానా."

తిరిగి చూసింది. ఎరుపు ఎరుపే, మీగడ మీగడే. ఈకలు కుట్లలో మాత్రమే ఉన్నాయి. డార్లిస్ బల్ల పట్టుకుని ఏడ్చేసింది. మంగళవారం నుంచి బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. ఇంత హాయిగా ఏడ్చి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

ఆర్డెత్ ఆమెను ఏడవనిచ్చింది. తన చూపు మాత్రం బొంత మీదే ఉంది. ఉతికిన బొంత ముడతలు పడుతుంది, దూది కుట్ల మధ్య ఉబ్బి మెత్తబడుతుంది. పెళపెళలాడే కొత్త బింకం పోయింది. ఆర్డెత్ దాన్ని చేత్తో నిమిరింది, చెంపకు ఆనించుకుంది. తర్వాత దాన్ని తీసుకుని సోఫా దాకా నడిచి, కూర్చుని, కాళ్ల మీద కప్పుకుంది.

"అదేంటండీ! అది మీ పెట్టె మీదకి కదా!" అంది డార్లిస్, ముక్కు తుడుచుకుంటూ.

"ఇలా మెత్తబడ్డాక దీన్ని దాస్తారా ఎవరైనా? నాకు కాళ్లు చల్లగా ఉన్నాయి. పెట్టె మీదకి ఇంకోటి మొదలెడతాను. ముక్కలు నేను కలుపుతాను, కుట్లు నువ్వేద్దువు గాని."

"దానికి నాలుగేళ్లు పడుతుందండీ."

"పట్టనీ. నాకేం తొందర?" ఆర్డెత్ పక్కకు జరిగి, బొంత అంచు ఎత్తి పట్టుకుంది. "రా, కూర్చో. నీకూ కాళ్లు చల్లగానే ఉంటాయి."

డార్లిస్ వెళ్లి కూర్చుంది. ఆర్డెత్ ఆమె మీద కూడా కప్పింది.