రెండు అరల పెట్టె

మాస్టారి ట్రంకు పెట్టెలో రెండు అరలున్నాయని తెలిసిన రోజు నాకు కోపం నషాళానికంటింది. ఇప్పుడు ఆ పెట్టె కనబడితే చేతులెత్తి దండం పెడతాను.

నేను బస్సుల డిపోలో మెకానిక్‌ని. మాస్టారు ఆరోగ్య కేంద్రం తరఫున వచ్చి సుఖవ్యాధుల గురించి చెప్పే మనిషి. పొద్దున డ్యూటీలు మారే వేళ మమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టి, పై అరలోంచి బొమ్మలు తీసేవారు. భార్యతో నమ్మకంగా ఉండండి, బయటి ఆడవాళ్ల దగ్గరికి వెళితే కండోమ్ వాడండి. ఇదీ పాఠం.

నాకు ఆడవాళ్లన్నా ఇష్టమే, మగవాళ్లన్నా ఇష్టమే. పెళ్లికి ముందు, బస్సులకు రంగులు వేసే అతనితో కొన్నేళ్లు కలిసి బతికాను. అతను వేరే ఊళ్లో పని దొరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఆవిడను చూశాను, మనసు పడ్డాను, వెంటపడి ఒప్పించాను. పెళ్లికి ముందే ఆమెకు అన్నీ చెప్పేశాను. కుట్టుమిషను ఆపి విని, "ఇప్పుడు ఎవరూ లేరు కదా?" అని అడిగింది. లేరన్నాను. మిషను మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

పెళ్లయిన కొన్నాళ్లకు పిల్లల్ని కనాలనుకున్నాం. "ముందు మనిద్దరం ఏమేం పరీక్షలు చేయించుకోవాలో కనుక్కునిరా. పుట్టబోయే బిడ్డకి మన వల్ల ఏ జబ్బూ రాకూడదు" అంది మా ఆవిడ.

పాఠం అయ్యాక మాస్టారి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అడిగాను. "మాస్టారూ, ఒకప్పుడు మగాడితో ఉన్నవాళ్లయితే ఏ పరీక్షలు చేయించుకోవాలి?"

వెనక బెంచీ మీదున్న మీసాల డ్రైవరువి పాము చెవులు. "అలాంటివాళ్లు మన డిపోలో ఎవరున్నారయ్యా?" అని పెద్దగా నవ్వాడు. బెంచీలన్నీ నవ్వాయి.

"వాళ్లకి సాయంత్రం వేరే మీటింగ్ ఉంది బాబూ. మార్కెట్ వెనక, మేడమీద" అన్నారు మాస్టారు.

వెళ్లాను. అదే మాస్టారు, అదే పెట్టె. పై అరను ఎత్తి పక్కన పెట్టి, కింది అరలోంచి వేరే బొమ్మలు తీశారు. అన్నీ మగవాళ్ల బొమ్మలే. వెక్కిరింత లేకుండా, దాపరికం లేకుండా చక్కగా చెప్పారు. నా ప్రాణం కుదుటపడింది. ధైర్యం చేసి, "మరి మా ఆవిడకి కూడా పరీక్షలు చేయించాలా?" అని అడిగాను.

పక్కనున్న పెద్దమనిషి జాలిగా నా భుజం తట్టాడు. "ఇంట్లోవాళ్లు బలవంతం చేశారా తమ్ముడూ?"

"లేదన్నా. నేనే వెంటపడి చేసుకున్నాను."

"మొదట్లో అందరం అలాగే అంటాంలే."

"ఆడవాళ్ల సంగతి పొద్దున పాఠంలో ఉంటుంది కదా" అన్నారు మాస్టారు.

రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఇక నా నోరు ఆగలేదు. "పొద్దున అడిగితే సాయంత్రం రమ్మన్నారు. సాయంత్రం వస్తే పొద్దున రమ్మంటున్నారు. మధ్యాహ్నం మనుషులు ఎక్కడికి పోవాలి మాస్టారూ?" అనేసి చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు చిందులు తొక్కాను. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు అడిగావు, ఆయన పెట్టలేదు. అందులో నీ తప్పేముంది? ముందు అన్నం తిను" అంది.

మర్నాడు మా ఆవిడ తలుపు తీసేసరికి ఎదురుగా మాస్టారు. ఎండలో పెట్టె మోసుకొచ్చి చెమటతో తడిసిపోయారు.

"మధ్యాహ్నం వచ్చాను" అన్నారు నా వంక చూసి. "ఇన్నేళ్లుగా ఈ పెట్టె మోస్తున్నాను బాబూ. రెండు అరలూ అవసరమైన మనిషి ఒకడు ఉంటాడని నాకు తట్టనేలేదు. నిన్న రాత్రి నిద్రపట్టలేదు."

మా ఆవిడ గుడ్డలు కత్తిరించే బల్ల ఖాళీ చేసింది. మాస్టారు రెండు అరలనూ దాని మీద బోర్లించారు. మొదటిసారి నా బతుకంతా ఒకేచోట కనబడింది. ఇద్దరికీ ఏయే రక్తపరీక్షలు కావాలో, నాకు గొంతులోంచీ వెనకవైపునుంచీ కూడా నమూనాలు ఎందుకు తీయాలో మా ఆవిడ ఎదుటే చెప్పారు. "పెళ్లయిందంటే అవి ఎవరూ తీయరు. మీరే అడగాలి" అన్నారు. అడగడానికి నేను తడబడతానని క్లినిక్‌కు తోడు కూడా వచ్చారు.

ఆమెకు ఏమీ లేదు. నా రక్తంలో సిఫిలిస్ ఉంది. పైకి ఒక్క మచ్చ లేదు, దుక్కలా ఉన్నాను. ఇలాగే వదిలేస్తే భార్యకూ, కడుపులో బిడ్డకూ అంటుకునే ప్రమాదం ఉందని డాక్టరమ్మ చెప్పింది. మా ఆవిడ నా చేయి వదల్లేదు.

వారానికో సూది వేశారు. వేసిన రోజల్లా ఒక పక్కకు ఒరిగి కూర్చునేవాణ్ణి. "బస్సు కిందికి దూరే మగాడికి సూదంటే ఇంత భయమా?" అని మా ఆవిడ నవ్వేది. రంగులవాడికి ఫోన్ చేసి, నువ్వూ చూపించుకోమన్నాను. మా ఆవిడకు కొన్నాళ్లాగి మళ్లీ పరీక్ష చేశారు, ఏమీ లేదు. ఇక నిశ్చింతగా పిల్లల్ని కనమంది డాక్టరమ్మ. ఆ మాట విని వరండాలో కూర్చుని ఏడ్చాను. నన్ను కాదనని ఇల్లాలు, నా కోపాన్ని చూడకుండా అందులోని ప్రశ్నను మాత్రం ఇంటికి పట్టుకెళ్లి ఆలోచించిన మాస్టారు. ఎన్ని జన్మలెత్తి తీర్చుకోను ఈ రుణం?

ఇక పై అర అక్కర్లేదని మాస్టారు దాన్ని మా ఆవిడకే ఇచ్చేశారు. అందులో ఇప్పుడు ఆమె గుండీలూ, దారపు ఉండలూ ఉంటాయి.

తర్వాతిసారి డిపోలో బొమ్మలన్నీ ఒక్క అరలోంచే వచ్చాయి. "మీలో భార్య ఉన్నవాళ్లుంటారు. మగ తోడు ఉన్నవాళ్లుంటారు. ఇద్దరి మీదా మనసున్నవాళ్లూ ఉంటారు. అందరికీ ఒకటే పాఠం, ఒకటే క్లినిక్" అన్నారు మాస్టారు. ఎవరో కిసుక్కుమన్నారు. మీసాల డ్రైవరు మాత్రం నవ్వలేదు.

అందరూ వెళ్లిపోయాక కూడా అతను తన బస్సు అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. తుడిచిందే మళ్లీ తుడుస్తున్నాడు. చివరికి మాస్టారి దగ్గరికొచ్చి, "పెట్టె బరువుంటుంది, గేటు దాకా నేను పట్టుకొస్తాను" అన్నాడు.

ఆ పెట్టె ఇప్పుడెంత తేలికో నాకు తెలుసు. ఇంకో రోజైతే, ఆనాటి అతని నవ్వుకు నాలుగు అంటించకుండా వదిలేవాణ్ణి కాను. బస్సు కిందికి దూరి, బిగించి ఉన్న బోల్టునే మళ్లీ బిగిస్తూ, వాళ్లిద్దరి అడుగులూ గేటు దాటేదాకా అక్కడే ఉండిపోయాను.