మకెరెతా వలలు ఎత్తుకుపోయిన రోజు

అవతలి దీవి నుంచి తౌవూలు పడవ దిగుతున్నారని తెలియగానే నాసౌకి ఊళ్లో కోళ్లన్నీ గంపల కిందికి పోయాయి. కొత్త గొడుగులు మంచాల కిందికి పోయాయి. దాచక చస్తారా! తౌవూలంటే దేవుడి వరసన చుట్టాలు, రెండూళ్ల మూలపురుషులూ ఒకే దేవుడికి పుట్టారట. అందుకని వాళ్లు మన ఊళ్లో కంటికి నచ్చిందల్లా పట్టుకుపోవచ్చు, నోటికొచ్చింది తిట్టొచ్చు. మనం కాదనకూడదు, కోప్పడకూడదు. ఈ ఆచారం పెట్టినవాడెవడో గానీ, జీవితమంతా చుట్టపుచూపుగానే బతికుంటాడు.

మకెరెతా మాత్రం ఏమీ దాచలేదు. ఆవిడ ప్రాణమంతా పడమటి పగడపు దిబ్బ మీద, అక్కడ మేసే చిలకచేపల మీద ఉంది. వాటిని ఏ మంచం కింద దాస్తుంది?

మూడేళ్ల కిందట తుపాను ఊరికి రెండు వైపులా పగడాల్ని విరగ్గొట్టింది. తూర్పున మిగిలిన చిలకచేపల్ని ఊరివాళ్లు చర్చి విందుకని ఆఖరిదాకా లాగి తినేశారు. మేసే చేపల్లేక నాచు జడలు జడలుగా పెరిగింది. కొత్త పగడం అంటుకోవడానికి జానెడు రాయి ఖాళీ లేదు. పగడం లేకపోతే చిన్న చేపకి దాక్కునే సందు లేదు, చిన్న చేప లేని చోటికి పెద్ద చేప ఎందుకొస్తుంది? ఇప్పుడక్కడ గాలం వేస్తే నాచే పడుతుంది. వండుకు తినండి మరి! పడమటి వైపు అలా కాకూడదని మకెరెతా ఇంటింటికీ వెళ్లి పోట్లాడి, నాచుపిచ్చిది అనిపించుకుని మరీ కాపాడింది. ఈ మధ్యే అక్కడ వేలెడేసి కొత్త పగడాలు లేస్తున్నాయి.

తౌవూల పెద్ద ఎమోసి మర్యాదకిచ్చిన యంగోనా వేరు పానీయం చిప్ప ఖాళీ చేసి, మూతి తుడుచుకుని అడగనే అడిగాడు.

"మాకు చిలకచేపలు కావాలి. పొద్దున్నే మీ పడమటి దిబ్బ చుట్టూ వలలు వేస్తాం."

ఊరి పెద్ద ఇనోకే, మకెరెతాకి స్వయానా బావగారు, "అలాగే" అన్నాడు.

"అలాగేంటి బావా, నీ మొహం!" అంది మకెరెతా పళ్లు బిగించి.

"కాదంటే ఊరి పరువేం కావాలే? నోరు మూసుకో."

ఆవిడ నోరు మూసుకునే రకమా? ఒడ్డున కాళ్లు చాపుకుని కూర్చున్న ఎమోసి దగ్గరికెళ్లి నిలబడింది.

"ఏం ఇసుకే మరదలా! పిండిలా ఉంది," అన్నాడతను గుప్పెడు తీసి.

"చిలకచేప దొడ్డికెళ్లింది అది. నాచు కోసం రాయిని కొరుకుతుంది, రాయి పిండై వెనకనుంచి పడుతుంది. ఇందాకట్నుంచీ నువ్వు దాంట్లోనే దొర్లుతున్నావు."

ఎమోసి చెయ్యి దులుపుకున్నాడు. ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"ఆ చేపల్ని తినేస్తే ఒడ్డుకు కొత్త ఇసుక కూడా రాదురా, తిండిపోతు సచ్చినోడా!"

"ఇంత మంచి దొడ్డికెళ్లే చేప ఇంకెంత రుచిగా ఉంటుందో!" అన్నాడు ఎమోసి. ఈసారి మగవాళ్లు నవ్వారు.

తెల్లారి తౌవూలు చూస్తే పడవలో వలల్లేవు. నాలుగు వలలూ మకెరెతా అరుగు మీద కుప్పగా ఉన్నాయి. వాటి మీద కూర్చుని ఆవిడ కర్రపెండలం చెక్కు తీస్తోంది.

"అవి మా వలలు!"

"చాలా బాగున్నాయి. తీసుకున్నా."

"తీసుకోవడమేంటి?"

"నువ్వొక్కడివే తౌవూవా? నేను నీకేమవుతాను మరి?"

ఎమోసి ఇనోకే వైపు చూశాడు. ఇనోకే ఆకాశం వైపు చూశాడు. ఎమోసి మనుషులే ముందుగా నవ్వడం మొదలుపెట్టారు, అదీ దారుణం.

అతను ఊరుకుంటాడా? పెరట్లోకి తిరిగి మంత్రిగారిని చూపించాడు. మంత్రిగారంటే మకెరెతా పంది. ఏ పనీ చెయ్యకుండా తిని పడుకుంటుందని ఆ పేరు పెట్టుకుంది. రెండేళ్లు చేత్తో మేపింది.

"చేపల్లేకపోతే ఇది కావాలి."

మకెరెతా వలల మీంచి లేచింది. పందా, దిబ్బా? పంది పోతే తనొక్కతే ఏడుస్తుంది. దిబ్బ పోతే ఊరే తినడానికి లేక ఏడుస్తుంది. "తీసుకుపో," అని లోపలికెళ్లి తలుపేసుకుంది. వేడిరాళ్ల మీద పందిని కప్పెట్టి ఉడికించిన లోవో గుంట తీసి మాంసం పంచినప్పుడు వచ్చి, కళ్లు తుడుచుకుంటూనే రెండుసార్లు వడ్డించుకుంది.

"నిజం చెప్పనా మరదలా," అన్నాడు ఎమోసి పక్కన కూర్చుని, గొంతు తగ్గించి. "మా దిబ్బంతా నాచే. అందుకే మీ మీద పడ్డాం."

"చిలకచేపలు ఒక్కటీ లేవా?"

"పది పన్నెండు ఉన్నాయేమో. కనపడితే వదలం."

మకెరెతా నమలడం ఆపింది.

"అవి నాకు నచ్చాయి. తీసుకున్నా."

"చూడకుండానే?"

"వాటికి పుట్టబోయే పిల్లలూ నావే. మీలో ఎవరు ముట్టుకున్నా తౌవూ సొత్తు దొంగిలించినట్టే."

"మరి ఎప్పుడొచ్చి పట్టుకుపోతావ్?"

"వస్తాలే. నాకేం తొందర?"

ఎమోసి నోరు తెరిచాడు. మంచి బూతు కోసం వెతుక్కుంటున్నాడు. ఇవతల అతనితో పడవలో వచ్చిన పెళ్లాం అప్పటికే "అలాగే వదినా" అనేసింది.