మామయ్య జీపుకు కెమెరా

పెళ్లయి రెండు నెలలు దాటినా మా మామయ్య నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

కోపమేమీ కాదు, పద్ధతి అని కోటేష్ చెప్పాడు. కోటేష్ అంటే మా ఆయన. అవసరం లేకపోయినా ఇంకోసారి రాస్తాను: మా ఆయన. వాళ్లింట్లో కొత్త కోడలికి మామగారు తన చేత్తో ఏదైనా ఇచ్చి మాట కలపాలట. అప్పటిదాకా ఆయన కోడలితో మాట్లాడరు, కోడలూ ఆయనతో మాట్లాడకూడదు. మాదీ లంబాడీ కుటుంబమే అయినా ఎర్రుపాలెం దగ్గర మా తండాలో ఇలాంటివి ఎప్పుడో పోయాయి. మా వదినైతే కాపురానికి వచ్చిన మూడో రోజే టీవీ రిమోట్ కోసం మా నాన్నతో పోట్లాడింది.

అత్తవారి తండా జూలూరుపాడు అవతల, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. అక్కడ మామయ్య చందూలాల్ గారు నాకు చెప్పాల్సినవన్నీ వాకిట్లో కట్టేసిన చూడి ఆవుకు చెప్పేవారు. నేను జొన్నరొట్టెలు కాలుస్తుంటే ఆవు వైపు చూసి, "ఇంకో రొట్టె ఉంటే బాగుండు" అనేవారు. నేను రొట్టె తీసి అత్తమ్మ చేతికిస్తే అత్తమ్మ ఆయన కంచంలో వేసేది.

"నడుమ నేనొక పోస్టాఫీసు" అని నవ్వేది అత్తమ్మ రుక్మిణి.

"ఇంతకీ ఎప్పుడిస్తారు?" అని కోటేష్‌ను అడిగాను.

"మా పెద్దబాపు ఆయన కోడలికి నెల తిరగకముందే ఇచ్చిండు. బాపు గూడ ఇస్తడు తియ్."

నెల తిరిగింది. రెండో నెలా తిరిగింది. నా లోపల ఒక భయం మొదలైంది. మా పెళ్లి రోజున తండా అంతా ఎర్రుపాలెం వచ్చినప్పుడు, మామయ్య జీపులోంచి బ్యాటరీ, స్టెప్నీ ఎవరో ఎత్తుకుపోయారు.

ఆ జీపు మీద మామయ్య ముప్పై ఏళ్లు అడవి ఊళ్ల నుంచి భద్రాచలం దాకా ప్యాసింజర్లను తిప్పారు. చూపు మసకబారాక నడపడం మానేశారు. తండా సందుల్లో పట్టదు కాబట్టి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉంటుంది. దొంగతనం తర్వాత కొత్త బ్యాటరీ బిగించారు గానీ, ఆయనకు ధైర్యం చాల్లేదు. జీపు పక్కనే మంచం వేసుకున్నారు. పొద్దున చాయ తాగి వెళ్తే మళ్లీ పొద్దుగూకే వేళకే ఇంటికి, రాత్రి పడక కూడా షెడ్డులోనే. ఏప్రిల్ ఎండలు, నెత్తిన రేకులు. అత్తమ్మ మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని అక్కడికే వెళ్లేది.

"కోడలు గడప తొక్కిన నాడే బండిని దోచుకపోయిండ్రు" అని తండాలో ఎవరో అన్న మాట నా చెవిన పడింది. మామయ్య మనసులోనూ అదే ఉందేమో. అందుకే నాకేదీ ఇవ్వడానికి చెయ్యి రావడం లేదేమో.

మేమిద్దరం వైరాలో ఉంటాం. కోటేష్ వ్యవసాయ శాఖలో పనిచేస్తాడు, నేను ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్తాను. ఆదివారాలు బండి మీద తండాకు పోయి వస్తాం. ఒక సాయంత్రం మా కిరాయి ఇంటి మేడ మీద మల్లెపూలు కట్టుకుంటూ అన్నాను.

"జీపుకు కెమెరా పెడదాం. ఇక్కడి నుంచి నేను చూస్తుంటాను. బాపు మధ్యాహ్నం ఇంట్లో పడుకోవచ్చు."

"నడవని బండికి కెమెరానా?" అన్నాడు కోటేష్. తర్వాత నా మొహం చూసి, "రేపే పోదాం" అన్నాడు. అందుకే ఆయనంటే నాకు పిచ్చి.

మర్నాడు ఖమ్మంలో కార్ల సామాను అమ్మే షాపుకు వెళ్లాం. షాపాయన పేరు తిరుపతి.

"ఏ బండికి అన్నా?"

"జీపు. తొంభై నాలుగు మోడల్."

తిరుపతి "ఇంటికాడ ఎవరో చానా ప్రేమగా చూసుకుంటున్నరు" అన్నాడు. అప్పుడే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆయన మూడు రకాలు తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు. మొదటిదాంట్లో అంతా మెమరీ కార్డులో రికార్డవుతుంది గానీ, దగ్గరికి పోయి కార్డు తీస్తేనే కనిపిస్తుంది. అంటే దొంగ పోయాక వాడి మొహం చూసుకోవచ్చు. రెండోది వైఫైది. ఫోన్లో కనిపిస్తుంది, కానీ బండికి పది బారల దూరంలో ఉండాలి.

"అంత దూరంలో మా బాపే మంచమేసుకొని ఉన్నడు" అన్నాడు కోటేష్.

మూడోదాంట్లో సిమ్ వేయాలి. సిగ్నల్ ఉంటే చాలు, ఎక్కడి నుంచైనా చూడొచ్చు. ఒక కన్ను బానెట్ వైపు, ఇంకో కన్ను సీట్ల వైపు. ఎవరైనా కదిలితే ఫోన్ మోగుతుంది. బండి బ్యాటరీ మరీ తగ్గిపోతే తనంతట తానే ఆగిపోతుంది. నేను సైన్సు టీచరును కదా, ఎండ సంగతి అడిగాను. రేకుల కింద దీని లోపలి బ్యాటరీ ఉబ్బిపోదా?

"ఇందుల బ్యాటరీ ఉండదు మేడం, కెపాసిటర్ ఉంటది. ఎండకు ఏం గాదు. షెడ్డు మీద చిన్న సోలార్ పలక పెట్టుకుంటే బండి బ్యాటరీ గూడ దిగదు."

సిగ్నల్ సంగతి కనుక్కుందామని అత్తమ్మకు ఫోన్ చేశాం.

"షెడ్డు కాడ రెండు గీతలొస్తయి బిడ్డా. ఇప్పుడు గాడనే ఉన్న. ఇంట్ల ఒక్క గీత గూడ రాదు" అంది.

"ఇంకొకటి చెప్పడం మర్చిపోయిన" అన్నాడు తిరుపతి. "దీంట్ల మైకు, స్పీకరు గూడ ఉన్నయి. దొంగొస్తే మీరు ఇంట్ల కూసోని 'ఎవడ్రా' అని బెదిరియ్యొచ్చు."

"ఈమెనా? 'ఎవరండీ మీరు, కూర్చోండి' అంటది" అన్నాడు కోటేష్.

నాకు రోషం వచ్చింది. తిరుపతి ఫోన్ తీసుకుని, మాట్లాడే బొత్తాం నొక్కి పట్టి, "ఎవడ్రా!" అని అరిచాను. బయట ఎండలో పెట్టిన డెమో పెట్టె అదే గొంతుతో అరిచింది. దాని పక్కన స్కూటర్ ఆపుకుంటున్న పెద్దాయన రెండు చేతులూ పైకెత్తేశాడు. వెళ్లి క్షమించమని అడిగాను. నవ్వు ఆపుకోలేక సరిగ్గా అడగలేకపోయాను కూడా. మూడోదే కొన్నాం.

ఆదివారం కోటేష్ దాన్ని జీపు అద్దానికి లోపలి వైపు బిగించాడు. మామయ్య దగ్గరే నిలబడి చూశారు. "ఇది ఏం జేస్తది?" అని కోటేష్‌ను అడిగారు.

"నువ్వు లేనప్పుడు జ్యోత్స్న వైరాల కూసోని బండిని చూస్తది బాపూ."

మామయ్య జీపు వైపు తిరిగి, "ఎండల పడి ఇంత దూరం తెచ్చిండ్రు" అన్నారు. మెచ్చుకున్నారో, నిట్టూర్చారో తెలియలేదు.

వైరా చేరగానే ఆత్రంగా ఫోన్ తెరిచాను. బానెట్ కనిపిస్తోంది, సీట్లు లేవు. సీట్లు కనిపించాల్సిన చోటంతా ఎర్రగా, అంచుల్లో పచ్చగా ఉంది. ఇంకా షెడ్డు దగ్గరే ఉన్న తల్లికి కోటేష్ ఫోన్ చేశాడు.

"యాడీ, కెమెరాను ఏం జేసినవే?"

"ఏం జేస్త? కొత్త వస్తువాయె. పసుపు రాసి బొట్టు పెట్టిన."

"ఎక్కడ పెట్టినవ్?"

"నడిమిట్ల. గుండ్రంగ అద్దమున్నది సూడు, గాడ."

"అది కన్ను యాడీ! కంట్ల కుంకుమ పెడ్తరా ఎవరన్నా?"

అత్తమ్మ కొంగుతో తుడిచేసింది. తుడుస్తుంటే ముందు కొంగు, తర్వాత వేలు, తర్వాత ఆమె మొహం తెరమీదికొచ్చాయి. కంటిని పెట్టెకు ఆనించి చూస్తోంది. ఆ బొమ్మను ఫోన్లో దాచుకున్నాను.

ఆ వారమంతా నాకు పండగే. క్లాసు లేనప్పుడల్లా జీపును చూసేదాన్ని. బానెట్ మీద కోడి నిద్రపోయేది. సిగ్నల్ కోసం తండా వాళ్లు ఫుట్‌బోర్డు మీద కూర్చుని ఫోన్లు మాట్లాడుకునేవాళ్లు. రోజూ ఉదయం మామయ్య డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ తుడుస్తూ జీపుతో మాట్లాడేవారు. ఇంట్లో అందరితో లంబాడీలో మాట్లాడే మనిషి జీపుతో మాత్రం తెలుగులో మాట్లాడేవారు. ముప్పై ఏళ్లు ప్యాసింజర్లతో మాట్లాడిన అలవాటు.

పన్నెండు కొట్టగానే లేచి, "ఆ పిల్ల చూస్తున్నది. నేను పోయి పండుకుంట" అని జీపుకు చెప్పి ఇంటికి పోయేవారు. మొదటిసారి అది విన్నప్పుడు స్టాఫ్ రూంలో నా టీ చల్లారిపోయింది.

కానీ శుక్రవారం ఇంకో మాట విన్నాను.

"నీ బ్యాటరీ పోయిన నాడు ఏడ్సిన, అవ్" అంటున్నారు మామయ్య స్టీరింగ్ తుడుస్తూ. "గాని ఆ పిల్ల కాలు మంచిది గాదని ఎవడన్న నా ముందట అంటే పండ్లు రాలగొడ్త. మాట కలుపుదామంటే ఉత్త చేతుల్తోని ఎట్ల కలుపుత? మా అమ్మకు మా తాత పెయ్యదూడనిచ్చిండు. రుక్మిణికి మా బాపు పెయ్యదూడనే ఇచ్చిండు. ఈ ఆవు జల్దీ ఈనదాయె. ఈనినా పెయ్యదూడనే పుట్టాలె. కోడెదూడ పుడితే మల్ల ఏడాది దాక ఆగుడేనా?"

మామయ్య నన్ను తప్పుబట్టలేదు. ఆవు కోసం చూస్తున్నారు, అంతే! ఎగిరి గంతేయాలనిపించింది. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. ఈ పెట్టె చూస్తుందని మాత్రమే మేం చెప్పాం, వింటుందని చెప్పలేదు. ఆయన గుట్టే కాదు, ఫుట్‌బోర్డు మీద కూర్చునే వాళ్ల ఇళ్ల సంగతులన్నీ నా చెవిలో పడుతున్నాయి. చెప్పకుండా ఉంటే రోజూ మామయ్య మాటలు వినొచ్చు. చెప్తే ఆ కాస్తా పోతుంది.

ఆదివారం మామయ్య వాకిట్లో రొట్టె తింటున్నారు. నేను ఆయనతో మాట్లాడకూడదు కదా. వెళ్లి ఆవు మెడ నిమిరాను.

"ఆవూ, ఆ కెమెరాకు కళ్లే కాదు, చెవులూ ఉన్నాయి. షెడ్డులో అన్న మాటలు నాకు వినిపిస్తున్నాయి. మొదటి రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే. తండాలో అందరికీ చెప్పమని యాడీతో అంటాను."

మామయ్య చేతిలో రొట్టె ఆగింది. ఆయన ఆవును చూశారు, నన్ను చూడలేదు. రొట్టె సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయారు.

"మంచిపనే చేసినవ్" అన్నాడు కోటేష్ వైరాకు తిరిగొస్తూ. "గాని ఇగ బాపు జీపుల నోరు తెరవడు."

నిజంగానే తెరవలేదు. సోమవారం నుంచి సీట్లో కూర్చోవడమే మానేశారు. కెమెరా రెండు కళ్లకూ అందకుండా జీపు వెనక మంచం జరుపుకున్నారు. ఎండలో పొడుగ్గా సాగిన మంచం నీడ మాత్రమే నాకు కనిపించేది. మధ్యాహ్నం ఇంటికి పోవడం కూడా మానేశారు. నేను చేసిన మంచి ఏదో నా నోటితోనే పోగొట్టుకున్నానని రెండు రాత్రులు అన్నం సరిగ్గా తినలేదు. కోటేష్ నా కంచంలో పప్పుచారు పోస్తూ, "ఆయనకు టైం పడ్తది" అన్నాడు.

గురువారం, పది నలభైకి ఇంటర్వెల్. స్టాఫ్ రూంలో కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. జీపులో కదలిక. తెరిచి చూస్తే సీట్లు లేవు. తెరనిండా నల్లగా, తడిగా, మెరుస్తూ ఏదో ఉంది. రెండు పెద్ద కన్నాలు. అది కదిలింది. పెట్టె గడగడ ఊగింది.

ఎవరో కెమెరా పీకుతున్నారు!

బొత్తాం నొక్కి పట్టి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. "ఎవడ్రా!"

నల్లది గభాలున వెనక్కి పోయింది. అది ముక్కు. ముక్కు వెనక తెల్లటి మొహం, బెదిరిన కళ్లు, నిలబడిన చెవులు. బుజ్జి దూడ. దాన్ని సీట్లోకి ఎత్తి రెండు చేతులతో పొదివి పట్టుకున్న మామయ్య అలాగే బిగుసుకుపోయి కెమెరా వైపు చూస్తున్నారు.

పెళ్లయ్యాక మా మామయ్యతో నేనన్న మొదటి మాట అది.

నాలుక కరుచుకున్నాను. అవతల ఎక్కడినుంచో అత్తమ్మ గొంతు వినిపించింది. "మామను పట్టుకొని ఎవడ్రా అన్నదా!"

మామయ్య భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు.

"నేనే బేటీ" అన్నారు. "మీ మామను."

ఫోన్‌ను మొహానికి ఇంకా దగ్గరగా జరుపుకున్నాను.

"దొంగనుకున్నది" అని అత్తమ్మతో అన్నారు. "కావలి అంటే గట్లనే ఉండాలె." మళ్లీ నా వైపు తిరిగారు. "పొద్దుగాల ఆవు ఈనింది బేటీ. కోడెదూడనే పుట్టింది. పెయ్యదూడ గాదు. నువ్వు వింటనే ఉంటివి గద, నీకు ఎరికే. ఇంకో ఏడాది ఆగుదామంటే నాతోని అయితలేదు."

"ఫోన్ల మాట కలుపుడేంది? ఆదివారం వస్తది గద!" అంది అత్తమ్మ.

"ఆదివారం దాక ఎవడుంటడు?" అన్నారు మామయ్య. దూడ మెడకు కట్టిన తాడు కొస విప్పి, చేతికి చుట్టుకుని, మళ్లీ విప్పి, మెల్లగా కెమెరా ముందుకు చాచారు. ఎండకు పగిలిన వేళ్లు, వాటి మధ్య కొత్త తాడు, తెరనిండా.

"పట్టు బేటీ."

"బాపూ" అన్నాను. బొత్తాం నొక్కడం మర్చిపోయాను. నొక్కి మళ్లీ అన్నాను. "బాపూ, పట్టుకున్నాను."

నిజంగానే చెయ్యి చాచానట. పక్కన కూర్చున్న శ్రావణి టీచర్, తననే అడుగుతున్నాననుకుని, తన డబ్బాలోంచి ఒక జంతిక తీసి నా అరచేతిలో పెట్టింది.

రెండూ తీసుకున్నాను.