విడి కుండలో జెర్రిపోతు

బస్సు దొరికిందో లేదో, కాలువ రేవు మలుపులో పొద్దుటి వానకి బురద, అరవై ఏళ్ళు దాటిన మనిషి జారిపడితే ఎవరు లేపుతారు, అయినా నా కడుపున కూతురుగా పుట్టి నన్ను పెద్దమ్మా అని పిలిచి సుజౌ బస్సుకి వెళ్ళిపోయిన అసింగ్ గురించి ఇప్పుడు నాకెందుకీ బెంగ, చేతిలో జెర్రిపోతు మెలి తిరుగుతోంది, మణికట్టు లాగేస్తోంది, అత్తయ్యా ఇదెక్కడిది, మన పాముల పెంపకం పెట్టెల్లో ఇంత పొడుగుది లేదే, దొంగచాటుగా మేపారా ఏంటి అని కోడలు హుయిజెన్ నవ్వుతోంది, అవునే, దొంగచాటుగానే, పోయినేడు నువ్వు పారేయమన్న పిల్లే ఇది, ఆ విడత గుడ్లలో పుట్టినవాటిలో అన్నిటికంటే చిన్నది, చిన్నవాటిని విత్తనానికి ఉంచితే జాతి చిన్నదైపోతుందని మీ మామగారు ముప్పై ఏళ్ళు చెప్పారు, ఏరి పారేశాను, ఎన్ని వందలో, ఈ చేతులతోనే, దీన్ని మాత్రం ఎందుకో విడి కుండలో పెట్టి కోడిమాంసం ముక్కలు తినిపించాను.

పొద్దున అసింగ్ గుమ్మంలో తల వంచి లోపలికొచ్చింది, నా కొడుకు గెన్‌ఫా కంటే జానెడు ఎత్తు, ఏమే చెల్లీ, వెదురులా సాగావే, నన్ను చూడు, మొలకలోనే ఆగిపోయాను అని వాడు దాని భుజం చరిచాడు, అది నవ్వి నా వైపు తిరిగింది, నన్నే ఎందుకిచ్చారు పెద్దమ్మా, అన్నని ఎందుకివ్వలేదు, నీ గింజే చిన్నదమ్మా, నాలుగేళ్ళొచ్చినా రెండేళ్ళ పిల్లంతే ఉండేదానివి, ఎదగవనుకున్నాం, అందుకే పడవల మీద బతికేవాళ్ళు పెంచుకుంటామని అడిగితే ఇచ్చేశాం అన్నాను, పడవలో మా అమ్మ రోజూ చేపలు పెట్టేది, ఎదక్క ఏం చేస్తాను అంది, ఆవిణ్ణి మా అమ్మ అంది, టీ సగం తాగి లేచింది, ఆ గ్లాసు ఇంకా బల్ల మీదే ఉంది, కడగలేదు.

దీన్ని విత్తనానికి ఉంచుదాం అత్తయ్యా, మంచి జాతి అంటోంది హుయిజెన్, జాతేమిటే, దీని తోడబుట్టినవన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి, తేడా ఏముంది, అక్కడ వేసిన మేత పెద్దవి ముందు మింగేసేవి, దీనిదాకా వచ్చేది కాదు, అంతే, ఆ కరువేడు మా కుండలో గంజి కూడా అంతే, అడుగున నాలుగు మెతుకులు, అవి ముందు గెన్‌ఫా గిన్నెలోకి, తర్వాత వాళ్ళ నాన్నకి, ఆఖర్న అసింగ్‌కి పైనీళ్ళు, అమ్మా, నాకూ కిందది వెయ్యవే అని గిన్నె చాపేది, చిన్నగింజ కాదది, చిన్నగింజ కానే కాదు, గరిటె పట్టుకున్నది నేను.