గడుగ్గాయి ఒక్కటే తిరిగొచ్చిన ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం ఆ రెండు గంటలే ఆమెవి. మిగతా వారమంతా ఎవరెవరిదో. కుట్టుమిషన్ ముందు కూర్చుంటే బేరాలాడేవాళ్ళది. ఇంటికొస్తే అత్తగారిది, పిల్లలది, తాళాలు బాగుచేసే భర్తది. ఆ మహానుభావుడు ఎంతటి మొండి తాళాన్నైనా తెరుస్తాడు గానీ, సొంత ఇంట్లో కత్తెర ఎక్కడుందో ఆమెకి ఫోన్ చేస్తే తప్ప కనుక్కోలేడు.

అందుకే ఆదివారం గుర్రాలశాలకొచ్చి, సవారీకి గుర్రమెక్కే ముందు ఆమె ఫోన్ తీసి జీను సంచిలో పడేసేది. శాల నడిపే పెద్దక్క అది చూసినప్పుడల్లా నెత్తీ నోరూ కొట్టుకునేది.

"ఫోన్ నీ ఒంటిమీద ఉండాలే తల్లీ! నువ్వు పడితే గుర్రం ఇంటికొచ్చేస్తుంది. ఫోనూ దానితోపాటే వస్తుంది. నీకేం మిగులుతుంది, మట్టి!"

"నేను పడితే కదా పెద్దక్కా," అని నవ్వేసేది. హెల్మెట్ విషయంలో మాత్రం పెద్దక్క మాట జవదాటేది కాదు. పట్టీ బిగించుకోనిదే రికాబులో కాలు పెట్టేది కాదు.

ఆ ఆదివారం నది గట్టు దారిలో వెళ్తానని చెప్పి బయల్దేరింది. దారి చీలేచోటికి వచ్చేసరికి గట్టు మీద చేపలు పట్టేవాళ్ళు గుంపుగా కనిపించారు. ఆ పూటకి మనుషులంటేనే మొహం మొత్తి ఉందేమో, గుర్రాన్ని కొండ దారికి తిప్పేసింది. తానెక్కడుందో ఎవరికీ తెలియదన్న ఆలోచనకే ప్రాణం లేచొచ్చింది.

ఆ గుర్రాన్ని శాలలో అందరూ గడుగ్గాయి అంటారు. ఊరికే అనరు. కొండ మలుపులో ముళ్ళకంపకి చిక్కుకున్న ప్లాస్టిక్ కవరొకటి గాలికి టపటపా కొట్టుకునేసరికి, అది ఒక్క ఉదుటున పక్కకి దూకింది. ఆమె ఇటు పడింది, గుర్రం అటు పరుగు లంకించుకుంది. హెల్మెట్ రాయికి తగిలి ఠప్పుమంది. తేరుకుని లేచి కూర్చునేసరికి తోక మలుపు దాటిపోతోంది. జీను సంచిలో ఫోన్ మోగుతూ మోగుతూ దూరమైపోయింది.

ముందు నవ్వొచ్చింది. నిలబడబోతే చీలమండ భగ్గుమంది. అప్పుడు గుండె జారింది. వెతికేవాళ్ళంతా నది గట్టుకే వెళ్తారు. కుంటుకుంటూ దిగితే ఉన్న కాలు కూడా పోతుందని, మెడకున్న పసుపు రుమాలు తీసి దారికి కనబడేలా కంపకి కట్టి, నీడలో కూర్చుంది. చల్లబడుతున్నకొద్దీ భయం పెరిగింది. దానికి మించిన దిగులు ఇంకొకటి ఉంది. ఇక తనని ఒంటరిగా ఎవరు వెళ్ళనిస్తారు? ఈ ఆదివారాలకి నీళ్ళొదులుకోవాల్సిందే.

పొద్దు వాలే వేళకి భర్త గొంతు వినిపించింది. గుర్రమంటే పది గజాల దూరం పారిపోయే మనిషి, శాలలోని ముసలి గుర్రం పగ్గాన్ని వేడి పెనం పట్టుకున్నట్టు పట్టుకుని పైకొస్తున్నాడు. ఆమెని చూడగానే దారిలోనే కూలబడ్డాడు.

"గడుగ్గాయి ఒక్కటే వచ్చిందని పెద్దక్క ఫోన్ చేసిన దగ్గర్నుంచి నది గట్టంతా అరుచుకుంటూ తిరిగాను," అన్నాడు. గొంతు బొంగురుపోయింది. "చివరికి గడుగ్గాయి డెక్కలకున్న ఎర్రమట్టి చూసి, కొండ దారికి పొమ్మని పెద్దక్క పంపింది."

ఆమెని జీను మీదికి ఎక్కించి, పగ్గం పట్టుకుని ముందు నడిచాడు. రాయి కనబడిన చోటల్లా గుర్రాన్ని పక్కకి తప్పించడమే తప్ప, ఆమెకేసి చూడలేదు. తిట్టినా బాగుండును అనిపించింది ఆమెకి.

"తప్పు నాదేనండీ," అంది చివరికి. "ఫోన్ నడుముకి కట్టుకుంటాను. దారి మార్చుకుంటే చెప్తాను. ఒంటరిగా వెళ్ళొద్దని మాత్రం అనకండి."

అతను టక్కున ఆగాడు. "నేనెందుకంటాను? నువ్వే ఇక మానేస్తానంటావేమోనని హడలి చస్తున్నాను!"

"మీరా?"

"నేనే కాదు, అమ్మా, పిల్లలూ అందరం. నువ్వు ఆదివారం ఇక్కడికొచ్చి వెళ్తే బుధవారం దాకా ఇంట్లో ఎవరికీ చీవాట్లుండవు. కూనిరాగాలు తీస్తూ కుడతావు. వాన పడి నువ్వు రాలేని వారం మేమెలా బతికామో నీకేం తెలుసు?"

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ ఆ రెండు గంటల్నీ వాళ్ళ దగ్గర కాజేస్తున్నాననే అనుకుంది. ఆ మాటే అతనితో చెప్పేసింది.

"దొంగచాటుగా ఎందుకు వెళ్ళడం?" అన్నాడతను, ముసలి గుర్రం మూతి తన భుజానికి తగలకుండా పక్కకి తప్పుకుంటూ. "ఎటు వెళ్తున్నావో చెప్పి, దర్జాగా వెళ్ళు. ఎందుకని ఎవరూ అడగం."

ఆమె కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి కొండ మలుపుకేసి చూసింది.

"కాలు బాగవగానే," అంది, "మళ్ళీ కొండ దారికే వెళ్తాను."